బిళ్ళలు చెక్కిన వరండా

మా అక్క నా గురించి సంఘంలో సాక్ష్యం చెప్పింది. ఆదివారం ఆరాధనలో పాటలు అయ్యాక, ప్రసంగానికి ముందు, దేవుడు చేసిన మేలు ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే లేచి చెప్పుకోవడం మా బాప్టిస్టు సంఘాల్లో ఉన్నదే. అక్క ఎప్పుడూ లేచే మనిషి కాదు. ఆ రోజు లేచింది. నెత్తిమీద చెంగు సర్దుకుని, మా తమ్ముడు ఆస్పత్రిలో డయాలసిస్‌కి వచ్చే రోగుల కోసం తన చేతుల్తో నంబరు బిళ్ళలు తయారు చేస్తున్నాడని, పైసా తీసుకోవడం లేదని, అలాంటి మనసిచ్చిన దేవునికి స్తోత్రమని చెప్పి కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి నలుగురైదుగురు తల తిప్పి నన్ను చూశారు. నేను చాప అంచున లేచిన పోగు ఒకటి పీక్కుంటూ కూర్చున్నాను.

నేను తయారు చేస్తున్నవి పేకాట బిళ్ళలు, పందెంలో డబ్బుకు బదులు పెట్టేవి.

నాకు కాశీబుగ్గలో స్టిక్కర్ల షాపు ఉంది. బళ్ళకు నంబర్లు, ఆటోల వెనక అద్దాలకు వాక్యాలు, దేవుళ్ళు, హీరోలు, ఎవరికి కావలసింది వాళ్ళకు అంటిస్తాను. అంతకుముందు చాలా ఏళ్ళు జీడి ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేశాను. చేతికి పని తెలుసన్న పొగరు నాకు కాస్త ఎక్కువే. ఎవరైనా ‘అది కుదరదులే’ అంటే చాలు, ఇక నా తిండి నాకు సయించదు.

పేకాట కూడా ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. మా నాన్న బతికున్నంతకాలం పేకముక్క మా గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆయన పోయాక కూడా రాలేదు, ఎందుకంటే నేను భావనపాడు వెళ్ళి ఆడేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక, పడవలకు నంబర్లు రాసే పనుందని చెప్పి బండి తీసేవాణ్ణి. అక్కడ రొయ్యల వ్యాపారం చేసే ఒక స్నేహితుడి కొబ్బరితోటలో నలుగురం కూర్చునేవాళ్ళం. పడవల నంబర్లు నిజంగానే ఒకటి రెండు రాశాను, అబద్ధం మరీ పచ్చిగా ఉండకూడదని.

ఆ స్నేహితుడే ఒక రోజు రెండు చెక్కపెట్టెల నిండా పాత బిళ్ళలు తెచ్చాడు. ఒరిస్సా వైపు ఎక్కడో మూతపడిన క్లబ్బువట. ప్లాస్టిక్ కాదు, మట్టి కలిపి అచ్చుపోసినవి. దొంతి పెడితే కుండపెంకులు తగిలినట్టు మెత్తగా చప్పుడయ్యేవి. ఎక్కువ భాగం ఎర్రవి. మధ్యలో ఆ క్లబ్బు పేరు లోతుగా అచ్చుపడి ఉంది. దాని మీద మా గుర్తు, అంటే ఒక కొబ్బరిచెట్టు, కింద కెరటం, అంటించాలని వాడి కోరిక. ఊరికే అంటిస్తే స్టిక్కరు పైకి నిలబడి రెండు ఆటల్లో అంచు లేచిపోతుంది. బిళ్ళ మధ్యలో సరిగ్గా స్టిక్కరంత వెడల్పున, స్టిక్కరంత మందాన గాడి తీయాలి, రెండు వైపులా. వాడు ఒకటి రెండు చోట్ల అడిగి చూశాడట. మట్టి కదా, పెళుసు, డ్రిల్లు బిట్టు తగలగానే అంచులు రాలిపోతాయి, కుదరదన్నారట. ఆ మాట నాతో అనకుండా ఉండాల్సింది.

షాపులో చేద్దామంటే సంఘం వాళ్ళు వచ్చిపోతుంటారు. పాస్టరుగారి స్కూటరు మీద వాక్యం కూడా నేను అంటించిందే. ఇక మిగిలింది ఇల్లు. నేను పెళ్ళి చేసుకోలేదు. ముందుగది నాది, వెనక రెండు గదుల్లో అక్కా బావా ఉంటారు, పక్కన పొడుగ్గా వరండా. నా తిండీ బట్టా అన్నీ అక్క చూసుకునేది. బావకు కిడ్నీలు పాడై అప్పటికి రెండేళ్ళు. వారానికి మూడుసార్లు పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళి, యంత్రం మీద ఉన్నంతసేపూ కూర్చుని, మళ్ళీ తీసుకురావాలి. ఆ పని అక్కదే.

అందుకే అక్క జీడిపప్పు తొక్క ఇంటిదగ్గరే తీసేది. మామూలుగా ఆడవాళ్ళంతా ఫ్యాక్టరీ షెడ్డులోనే పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని తీయాలి. పప్పు ఇంటికి ఇవ్వడమంటే యజమానికి ఆ మనిషి మీద అంత నమ్మకం ఉండాలి. ఆయన దగ్గర అలా ఇంటికి పప్పు ఇచ్చేది ఇద్దరు ముగ్గురికే, వాళ్ళలో మా అక్క ఒకతె. ఇరవయ్యేళ్ళుగా చిన్న చాకుతో తీసిన చేయి. పప్పు బద్దలవకుండా, గుండు గుండుగా, మీద గీత పడకుండా తీసేది. ఆ వెసులుబాటు పోతే బావను ఆస్పత్రికి తీసుకెళ్ళే మనిషి లేదు. ఇది నాకు తెలియని సంగతేం కాదు.

పెట్టెలు వరండాలో దించిన రోజు అక్క చేటలో పప్పు పోసుకుని కూర్చుని ఉంది.

“ఏట్రా అవి?” అంది.

“బిళ్ళలు” అన్నాను.

మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. బావ మంచం పక్కన డబ్బా నిండా ఉండేవి అవే. ఇన్ని బిళ్ళలు ఏ రోగానికని అక్క అడిగింది. నవ్వేసి నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సందు ఇక దొరకదు. నా నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

“మందు బిళ్ళలు కాదక్కా. ఆస్పత్రికి, నంబరు బిళ్ళలు. డయాలసిస్‌వోళ్ళ కోసం.”

అంత చప్పున అంత మంచి అబద్ధం ఎలా తోచిందో నాకిప్పటికీ తెలియదు. అక్క చేతులు చెంగుకు తుడుచుకుని వచ్చి ఒక బిళ్ళ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. అక్కడ ఇచ్చే కాగితం ముక్కలు చెమటకు తడిసి నంబరు చెరిగిపోతుందని, వరస దగ్గర రోజూ మాటా మాటా వస్తుందని, ఇవైతే గట్టిగా ఉంటాయని చెప్పింది. ఈ ఉపాయం ఎవరిదని అడిగింది. నాదే అన్నాను. అబద్ధం ఆడటమే కాకుండా దానికి మెప్పు కూడా పుచ్చుకున్నాను.

వరండాలో ప్లగ్గు ఉన్న వైపు తను కూర్చునే చోటు. అది నాకిచ్చేసి, చేటలూ డబ్బాలూ తీసుకుని రెండో చివరకు జరిగింది.

పని మాత్రం బాగా చేశాను. అది కూడా చెప్పాలి. డ్రిల్లును స్టాండుకు బిగించి, కింద చెక్కదిమ్మలో బిళ్ళ కదలకుండా కూర్చునేంత గుంట చేశాను. చెక్కకు గుండ్రటి గుంటలు తీసే బిట్టు కొని, మధ్యలో ఉండే మొన అరగదీశాను, లేకపోతే బిళ్ళకు నడుమ చిల్లు పడుతుంది. లోతు దాటకుండా అడ్డు పెట్టాను. మొదటి పదీ పాడయ్యాయి. బలంగా అదిమితే అంచు రాలేది, నెమ్మదిగా పెడితే వేడికి మట్టి మెత్తబడి బిట్టుకు అంటుకునేది. చిట్కా ఏమిటంటే, ఆనించి తీసి, ఆనించి తీసి, మూడు నాలుగు దఫాలుగా చెక్కాలి. పదకొండోదానికి గాడి అద్దంలా వచ్చింది. స్టిక్కరు పెడితే బిళ్ళతో సమంగా కూర్చుంది, వేలితో రాస్తే అంచు తెలియలేదు. నాకు ఎంత సంతోషమేసిందంటే అక్కను పిలిచి చూపించాను. అచ్చం పుట్టినప్పటినుంచీ అలాగే ఉన్నట్టుందని అంది. స్టిక్కరు మీద కొబ్బరిచెట్టు ఎందుకని మాత్రం అడగలేదు. మన ప్రాంతం గుర్తని, నంబరు రెండో వైపు వస్తుందని అనుకుని ఉంటుంది. ఆ మరుసటి ఆదివారమే సాక్ష్యం చెప్పింది.

మట్టి చెక్కితే పొడి వస్తుంది. ఎర్రటి పొడి, పిండికన్నా సన్నం. నేను ముక్కుకు రుమాలు కట్టుకున్నాను. నా ముక్కు గురించి ఆలోచించినవాణ్ణి, నాలుగు గజాల అవతల చేటలో ఉన్న తెల్లటి పప్పు గురించి ఆలోచించలేదు. ఎండలు మండిపోతున్నాయి. పొడి ఎగురుతుందని నేను ఫ్యాను వేసుకోలేదు. అక్క నా వీపు తడిసి ముద్దవడం చూసింది కాబోలు, లేచి ఫ్యాను వేసి వెళ్ళింది. నేను బిళ్ళ మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. పొడి కుప్ప చెదిరిందని తెలుసు. తెలిసి కూడా, ఈ నాలుగూ అవనీ అనుకున్నాను.

జీడి తొక్క పొడి కూడా ఎర్రగానే ఉంటుంది. చేటలో కాస్త ఎరుపు కనబడితే ఎవరూ అనుమానించరు. పప్పుకు నూనె ఉంటుంది, సన్నపొడి పడితే పట్టుకుని వదలదు. మర్నాడు డబ్బాలు బండి మీద పెట్టుకుని అక్కను ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది నేనే.

యజమాని పెద్దమనిషి. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. పప్పును తెల్లగుడ్డ మీద పోయించి, దోసిలితో ఎత్తి వదిలాడు. చేతులు ఎర్రబడ్డాయి. గుడ్డా ఎర్రబడింది. వాసన చూశాడు, నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. వెనక షెడ్డు గుమ్మం బార్లా తెరిచి ఉంది. లోపల ముప్పైమంది ఆడవాళ్ళు.

“ఇటక మీద రాసి తొక్క తీసినావేటమ్మా? ఇన్నేళ్ళు పని సేసినదానివి” అన్నాడు.

ఈ పని తెలిసినవాళ్ళకు ఇంతకన్నా పెద్ద మాట లేదు. తొందర కోసం పప్పును గరుకు మీద రాయడం పని చేతకానివాళ్ళూ, ఒళ్ళు వంగనివాళ్ళూ చేసే పని. షెడ్డులో చాకుల చప్పుడు తగ్గింది. అక్క నా వైపు ఒక్కసారి చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. అప్పుడు నేనూ తప్పనిసరై ఒప్పుకుంటాను, ఎలాగో బయటపడతాను అనుకున్నాను.

“తప్పయిపోనాది బాబూ” అంది.

‘ఆ పొడి నాదండీ’ అంటే సరిపోయేది, మూడు మాటలు. అవి అంటే ఏం పొడి అంటారు, ఏం బిళ్ళలంటారు, ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళు ఎవరో ఒకరు ఆ ఊళ్ళో అందరికీ చుట్టమే. నేను బండి చైను వదులైందేమో చూస్తున్నట్టు వంగాను. ఇక ఇంటికి పప్పు ఇవ్వనని, చేయాలంటే షెడ్డులో కూర్చుని చేయమని ఆయన చెప్పడం వంగి ఉండగానే విన్నాను.

దారిలో వెనక సీటు మీంచి అక్కే మొదలెట్టింది. “నీ పొడేరా అది. నాకు తెలుసు. ఫ్యాను నానే కదా ఏసినాను.”

“మరెందుకు సెప్పలేదక్కా?”

“సెప్తే నీ పని ఆపీమంతారు. పాపం అక్కడెంతమందికి అక్కరో అవి.”

అప్పుడైనా బండి ఆపి చెప్పాల్సింది. ఆపలేదు. ఇంటికొచ్చాక డ్రిల్లు సర్దుకుని షాపుకు పట్టుకెళ్ళి, షట్టరు సగం దించి, మిగిలిన బిళ్ళలన్నీ పూర్తి చేశాను. పూర్తి చేయకుండా ఉండలేకపోయాను. ఆదివారం కొబ్బరితోటలో పెట్టె తెరిచినప్పుడు ముగ్గురూ నన్ను ఆకాశానికెత్తేశారు. ఇంత నాజూకు పని విశాఖపట్నంలో కూడా కాదన్నారు. ఆ పూట నాకు సిగ్గు వేయలేదు. హాయిగా ఆడాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు ఆ హాయికే.

అక్క ఎనిమిదింటికల్లా షెడ్డుకు వెళ్ళిపోయేది. బావ ఒక్కడే ఆటోలో ఆస్పత్రికి వెళ్ళి వచ్చేవాడు. నేను తీసుకెళ్తానంటే, నీకు షాపుంది కదా అనేవాడు, నేనూ గట్టిగా పట్టుబట్టేవాణ్ణి కాదు. ఒక రోజు ఆటో రాలేదని ఫోను చేశాడు. వెళ్ళేసరికి ఆస్పత్రి మెట్ల మీద, చేతి కట్టు రెండో చేత్తో నొక్కిపట్టుకుని, గోడకు జారబడి ఉన్నాడు. డయాలసిస్ అయ్యాక మనిషిలో సత్తువ ఉండదు. బండి ఎక్కించుకుని, పడిపోకుండా ఆయన చేతుల్ని నా నడుముకు చుట్టుకోమని, మెల్లగా ఇంటికి తెచ్చాను. మంచం మీద కూర్చోబెట్టాక ఆయన అడిగాడు.

“ఇంకా కాయితం ముక్కలే ఇత్తన్నారు బావా. నీ బిళ్ళలెప్పుడిత్తావు? నాను మావోళ్ళందరికీ సెప్పీసినాను.”

మావోళ్ళంటే ఆయనతో పాటు యంత్రాల మీద పడుకునేవాళ్ళు. ఉద్దానం ఊళ్ళనుంచి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళంతా నా బిళ్ళల కోసం ఎదురుచూస్తున్నారు. ఆ క్షణం నాకు చచ్చినంత పనైంది. మంచం పక్కన నేలమీద కూర్చుని మొత్తం చెప్పేశాను. పేకాట, భావనపాడు, ఎర్రపొడి, నా నోరు లేవకపోవడం. బావ రోజుకు కొలిచి తాగే నీళ్ళలోంచి ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, మీ అక్కకు నువ్వే చెప్పు అన్నాడు.

సాయంత్రం అక్క వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. చెంబు చేతిలో పట్టుకునే విన్నది. దేవుడి ఎదుట నన్ను అబద్ధమాడించావు కదరా అంటుందనుకున్నాను. నాలుగు తగిలించినా బాగుండేది. “ఓనరుకి సెప్పినావా?” అంది.

“నేదు.”

“ఎల్లి సెప్పు. నన్నందరి ముందూ అన్నారు. నువ్వూ అందరి ముందే సెప్పాల.”

వెళ్ళాను. వెళ్ళే రోజు మాత్రం చూసుకుని వెళ్ళాను. ఆ శనివారం అక్క సెలవు పెట్టి బావను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ పూట ఫ్యాక్టరీకి వెళ్ళి, యజమాని గదిలోకి పోయి, తలుపు వేసి ఉండగా చెప్పాను. అప్పుడు కూడా పేకాట అనలేదు, షాపు పనిలో లేచిన పొడి అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. అనవసరంగా మాట అన్నానే అన్నాడు. అయితే అక్కకిచ్చే పప్పు చంటిబిడ్డ ఉన్న ఇంకొకామెకు ఇస్తున్నానని, ఇప్పుడు ఆమె దగ్గర లాక్కోలేనని చెప్పాడు. కావాలంటే షెడ్డులో ఆడవాళ్ళకు తనే చెబుతానన్నాడు. వద్దండీ, నేను చెప్పుకుంటాను అన్నాను. షెడ్డు గుమ్మం ముందు నుంచే బయటకు రావాలి. అందరూ తలలు వంచుకుని చాకులు ఆడిస్తున్నారు. ఎవరూ చూడకముందే దాటేసి, బండి స్టార్టు చేస్తే చప్పుడవుతుందని రోడ్డు దాకా నడిపించుకుంటూ వెళ్ళాను.

“అందరి ముందూ సెప్పినావా?” అంది అక్క ఆ సాయంత్రం.

“సెప్పాను” అన్నాను.

సోమవారం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. షెడ్డులోకి అలా తల ఎత్తుకుని వెళుతుంటే అందరూ వింతగా చూసి ఉంటారు. తర్వాత తెలిసింది, ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని మధ్యాహ్నం దాకా చూసిందట. అన్నాల దగ్గర పక్కనామె రోజూ ఆడే హాస్యమే ఆడిందట, ఇటుక ఇంటికాడ మరిచిపోయి వచ్చావా అని. అక్క కిందటి వారాల్లో ఆ మాటకు తల వంచుకునేదట. ఆ రోజు మాత్రం, మా తమ్ముడు వచ్చి చెప్పాడు కదా అందట. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు అని వాళ్ళు నవ్వారట.

ఇంటికొచ్చి ఆ రోజు కూడా తిట్టలేదు. అన్నం పెట్టింది. నేను తింటుండగా ఎదురుగా కూర్చుని చెప్పింది.

“రేపు నాతో రా. నీకు బయ్యమైతే నాను పక్కన నిలబడతాను.”

నాకప్పుడు నలభై ఆరేళ్ళు.

వెళ్ళాం. యజమాని అనుమతి అక్కే అడిగింది. షెడ్డు గుమ్మంలో ఇద్దరం నిలబడ్డాం. లోపల వేయించిన జీడి వాసన, వరసల్లో పీటలు, ఒళ్ళో చేటలు. అన్నీ చెప్పాను. నేను పేకాడతానని, పేకాట బిళ్ళలు చెక్కుతుంటే పొడి అక్క పప్పు మీద పడిందని, అక్క ఇటుక ముట్టుకోలేదని, ఆ రోజు పక్కనే ఉండి నోరు మూసుకున్నానని, శనివారం వచ్చి దొంగలా పోయానని చెప్పాను. కొందరు చాకులు ఆపారు, కొందరు ఆపలేదు. ఇటుక హాస్యం ఆడే ఆమె ఎవరో చెప్పక్కర్లేకుండానే తెలిసింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరి ఆస్పత్రి బిళ్ళలో అని వెనక నుంచి మా సంఘం ఆమె ఎవరో అడిగింది. అవి లేవు అన్నాను. ఇక చెప్పడానికి ఏమీ లేక గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళంతా నన్ను చూస్తున్నారు. సంఘంలో చూసినట్టే, కాకపోతే ఈసారి ఉన్నవాణ్ణి ఉన్నట్టు.

అక్క నా భుజం మీద చేయి వేసింది.

“మా తమ్ముడు” అంది వాళ్ళతో. “నాను రమ్మనలేదు. తనంతట తనే వొచ్చి సెప్పినాడు.”

తర్వాత వెళ్ళి తన పీట మీద కూర్చుని చాకు తీసుకుంది. మా అక్క తెలిసి అబద్ధమాడటం నేను చూసింది అదొక్కసారే. ఆ ముప్పైమంది దాన్ని నమ్మారు. అది నిజం కాదని చెప్పడానికి నాకు అక్కడే, ఆ గుమ్మంలోనే వీలుంది. నేను చెప్పలేదు.